చన్నీటిలో ఊపిరి

మీలో చాలామంది వంటయింట ఒక చిన్న పరికరము ఉన్నది. గ్యాసు సిలిండరు మూతికి బిగించి, మీట త్రిప్పగానే పొయ్యికి గ్యాసును అందజేసే వస్తువది. చదువుకొన్నవారు, చదువుకోనివారు, పిల్లలు, పెద్దలు అందరూ దానిని రెగ్యులేటరు అనియే పిలుస్తారు. సిలిండరులో ఇరికించి పెట్టిన గ్యాసు ఒక్కుమ్మడిగా బయటికి దూకకుండ, దాని ఉరవడిని అణచి, పొయ్యికి ఎంత కావలెనో అంత, ఒకే తీరుగా విడుదల చేయుట దాని పని. దాని పొట్టలో ముఖ్యముగా ఉండేవి ఒక స్ప్రింగు, ఒక పలుచని రబ్బరు పొర, ఒక చిన్న వాల్వు. అయినను అది లేనిదే ఆ సిలిండరును ముట్టుకొనే సాహసము మనలో ఎవరికీ లేదు.

ఈనాటి నా ప్రసంగవిషయము ఆ వంటింటి వస్తువునకు దగ్గర చుట్టము. వీపున గాలి సిలిండరు కట్టుకొని నీటి అడుగున చేపలవలె విహరించేవారిని స్కూబా డైవర్లు అంటారు. వారు నోట కరచుకొనే పరికరము పేరుకూడ రెగ్యులేటరే. వంటింటిలోనిది మొరాయిస్తే దానిని విప్పి ప్రక్కన పెట్టి, మరొకటి తెప్పించుకొనే వ్యవధి మనకు ఉంటుంది. నీటి అడుగున ఆ వ్యవధి ఉండదు. అందులోను, మంచుగడ్డ కావడానికి సిద్ధముగా ఉన్న చన్నీటిలో ఏ రెగ్యులేటరును నమ్మవచ్చును, దేనిని నమ్మరాదు అనే ప్రశ్న కొందరికి ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న.

గోదావరి రేవులో మూడు మునకలు వేయుటకు మించి నీటిలో దిగని నాకు ఈ ప్రశ్నతో ఏమి పని అని మీరడుగవచ్చును. మా అక్కయ్య కుమారుడు ఇంగ్లండులో ఉద్యోగము చేస్తున్నాడు. ఉద్యోగములో చేరక పూర్వమే, స్నేహితులతో అండమాను దీవులకు పోయి అక్కడ డైవింగు నేర్చుకొన్నాడు. గోరువెచ్చని నీరు, పగడపు దిబ్బలు, రంగురంగుల చేపలు. ఆ రుచి మరిగినవాడు ఇంగ్లండు పోయికూడ ఊరకుండలేదు. అక్కడ రాయి తీసి వదలివేసిన పాత క్వారీలు నీటితో నిండి, డైవర్లకు సాధనస్థలములై ఉన్నవి. అటువంటి ఒక క్వారీలో, ఫిబ్రవరి నెలలో, ఒక మిత్రునితో కలిసి దిగినాడు. నీటి వేడిమి 5 డిగ్రీలు. ఒంటికి నీరు తగలనీయని డ్రై సూట్ అనే దుస్తు తొడుగుకొన్నాడు. నోటిలో ఉన్న రెగ్యులేటరు మాత్రము, వెనుకటి నెలలో తెలిసినవారివద్ద సగము ధరకు కొన్నది.

ఇరువది మీటర్ల లోతున అది తిరుగబడింది. తరువాత ఫోనులో వాడు నాతో అన్న మాట ఇది: "మామయ్యా, నోటిలో తుపాను పుట్టినట్లయింది. గాలి ఆగదు. ముఖమునిండ బుడగలు. ముందున్న మనిషి కనబడడు. సిలిండరులో ఎంత మిగిలిందో చూసుకొందామంటే, చూస్తూ ఉండగానే ముల్లు పడిపోతున్నది." దైవవశాత్తు ప్రక్కనున్న మిత్రుడు అనుభవజ్ఞుడు. తనవద్ద అదనముగా ఉన్న నోటికొసను వీని నోటికి అందించి, వీని వెనుకకు చేయి చాచి సిలిండరు వాల్వును కట్టివేసి, చేయి పట్టుకొని మెల్లమెల్లగా పైకి తీసుకొనివచ్చినాడు.

ఇందులో నన్ను అన్నిటికన్న ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఒకటున్నది. ఒడ్డుకు వచ్చి, కాసేపు ఆగి వాల్వు తెరచి చూస్తే, ఆ రెగ్యులేటరు ఏమీ ఎరుగనట్లు చక్కగా పనిచేసిందట! విరిగినది లేదు, చినిగినది లేదు. నేరము చేసిన మంచు నీరై కారిపోయింది. సాక్ష్యము లేదు.

వాడు నన్ను అడిగిన ప్రశ్న, "నీవు కాలేజీలో ఫిజిక్సు చదివినావు గదా, ఇప్పుడు ఏది కొనమంటావు?" అని. మా అక్కయ్య నాకు చెప్పిన మాట వేరు. "తమ్ముడూ, కొనే మాట తరువాత. అసలు వాడిని ఆ నీళ్ళలో దిగవద్దని చెప్పు. నీ మాటయితే వింటాడు" అన్నది. ఈ రెండు మాటల నడుమ ఇరుక్కొని, నేను కొన్ని వారాలపాటు ఈ యంత్రమును గురించి చదివినాను, తెలిసినవారిని అడిగినాను. అక్కయ్య అనుమతితోనే ఆ వివరములు మీకు మనవి చేస్తున్నాను. మన తెలుగు బిడ్డలు శీతలదేశములలో ఎందరో ఉన్నారు. వారిలో ఏ ఒక్కరికి ఇది ఉపయోగపడినను నా శ్రమ ఫలించినట్లే.

మొదట ఈ రెగ్యులేటరు పుట్టుపూర్వోత్తరములు రెండు మాటలలో చెప్పుకొందాము. మనిషి పీల్చినప్పుడు మాత్రమే గాలిని విడిచి, మిగిలిన సమయములో మూసుకొని ఉండే వాల్వు మొదట ఫ్రాన్సు దేశములో పుట్టింది. బెన్వా రూకెరోల్ అనే గనుల ఇంజనీరు 1860లో అటువంటి వాల్వును రూపొందించినాడు. ఓగుస్త్ దెనెరూజ్ అనే నౌకాదళాధికారి ఆయనతో కలిసి 1864లో దానిని నీటిలో వాడుటకు అనువుగా చేసినాడు. జూల్స్ వెర్న్ తన ప్రసిద్ధ సాగరనవలలో ఆ పరికరమునే పేరు పెట్టి ప్రస్తావించినాడు.

కాని నేటి స్కూబాకు అసలైన ఆరంభము 1943లో జరిగింది. అది యుద్ధకాలము. ఫ్రాన్సులో పెట్రోలు దొరకక, వంటకు వాడే గ్యాసుతో మోటారుకార్లను నడుపుటకు ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు ఒక వాల్వును తయారుచేసి ఉన్నాడు. జాక్ కూస్తో అనే నౌకాదళాధికారి ఆయనవద్దకు పోయి తన అవసరము చెప్పగా, ఇద్దరును ఆ వాల్వునే మార్చి డైవరు ఊపిరికి అమర్చినారు. వంటింటికిని నీటి అడుగుకును చుట్టరికము నేను కల్పించినది కాదని మీరు గ్రహించే ఉంటారు! ఆ సంవత్సరము జనవరిలో, చలికాలములో, పారిసు దాపున మార్న్ నదిలో కూస్తో దానిని పరీక్షించినాడు. అడ్డముగా ఈదినప్పుడు బాగుగానే ఉన్నది. నిలువుగా నిలబడినప్పుడు గాలి వృథాగా పొంగిపోయింది. తలక్రిందులైనప్పుడు ఊపిరి అందలేదు. విడిచిన గాలి బయటికి పోయే ద్వారము, లోనికి వచ్చే ద్వారము వేరువేరు ఎత్తులలో ఉండుటయే కారణమని కనుగొని, రెండింటిని ఒకే చోట చేర్చగానే ఆ చిక్కు విడిపోయింది. అనగా, ఈ యంత్రము పుట్టిన నెలలోనే గాలి పొంగిపోవుట అనే జబ్బు కనబడింది. కారణము వేరైనను, మా వానికి పట్టుకొన్నది కూడ ఆ జబ్బే. డైవర్లు దానిని ఫ్రీఫ్లో అంటారు.

ఇక యంత్రము పనిచేసే తీరు. డైవరు సిలిండరులో గాలి సాధారణముగా 200 బార్ల పీడనమున ఉంటుంది. ఒక బారు అంటే మనచుట్టు ఉన్న వాతావరణ పీడనమునకు ఇంచుమించు సమానము. అంత ఉరవడిని ఒకే వాల్వుతో నోటికి తగినట్లు అణచుట కష్టము. అందుచేత రెగ్యులేటరును రెండు అంచెలుగా చేస్తారు. సిలిండరు మూతికి బిగించినది మొదటి అంచె. అది 200 బార్లను తగ్గించి, చుట్టునున్న నీటి పీడనముకన్న 9 లేక 10 బార్లు మాత్రము ఎక్కువగా ఉండునట్లు చేస్తుంది. అక్కడనుండి ఒక గొట్టము ద్వారా గాలి నోటివద్దనున్న రెండవ అంచెకు వస్తుంది. డైవరు ఊపిరి లాగగానే అందులోని పలుచని పొర లోనికి వంగి, ఒక చిన్న మీటను నొక్కుతుంది. వాల్వు తెరచుకొంటుంది. లాగుట ఆగగానే మూసుకొంటుంది. ప్రతి ఊపిరికి ఈ తంతు జరుగవలసినదే.

లోతునకు పోయినకొలది గాలి ఖర్చు ఎక్కువ. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనము పెరుగుతుంది. 30 మీటర్ల లోతున మొత్తము నాలుగు వాతావరణములు. ఒడ్డున నిమిషమునకు 20 లీటర్ల గాలి పీల్చేవాడు అక్కడ 80 లీటర్లు ఖర్చు చేస్తాడు. పన్నెండు లీటర్ల సిలిండరులో 200 బార్లమీద 2,400 లీటర్ల గాలి పడుతుంది గనుక, లెక్కకు అది అరగంట మాత్రము వస్తుంది. వాల్వు మూసుకొనక పొంగిపోతే ఆ అరగంట కొద్ది నిమిషములకు తరిగిపోతుంది.

మరి చలికిని దీనికిని సంబంధమేమి? సైకిలు ట్యూబుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగు వేడెక్కుట మీ అందరికి అనుభవమే. గాలిని బిగించితే వేడి పుడుతుంది. ఇందుకు ఎదురుమాట కూడ సత్యమే. నిండుగా ఉన్న టైరు వాల్వు నొక్కి, బయటికి వచ్చే గాలికి వ్రేలు అడ్డుపెట్టి చూడండి. చల్లగా తగులుతుంది. బిగించిన గాలి వదులైనప్పుడు చల్లబడుతుంది. టైరులో ఉన్నది రెండు మూడు బార్లు. సిలిండరులో ఉన్నది రెండువందలు. అంత గాలి సన్నని రంధ్రమునుండి విజృంభించి వదులయ్యేటప్పుడు, ఆ తావున వేడిమి సున్నకు దిగువ ఎన్నో డిగ్రీలకు పడిపోతుంది.

అండమానులో నీరు వెచ్చగా ఉంటుంది. ఆ నీరే రెగ్యులేటరును ఎప్పటికప్పుడు కాచి పెడుతుంది. డైవరుకు ఏ సంగతీ తెలియనే తెలియదు. నీరే 4 లేక 5 డిగ్రీలలో ఉంటే కాచేవారెవరు? లోహపు అంచెను తాకిన నీరు అక్కడనే గడ్డకడుతుంది. చలిదేశములలో ఇది అరుదైన పరిస్థితి కాదు. మంచినీరు 4 డిగ్రీలవద్ద అన్నిటికన్న బరువుగా ఉంటుంది. కనుక చలికాలములో సరస్సు పైభాగము గడ్డకట్టినను, అడుగున ఆ 4 డిగ్రీల నీరే పేరుకొని ఉంటుంది. ఐస్‌లాండులో సిల్‌ఫ్రా అనే బీటలోని నీరు వేసవిలో కూడ 2 మొదలు 4 డిగ్రీలే. ఇక అంటార్కిటికా సముద్రములో ఉప్పు వలన నీరు సున్నకు దిగువ 1.9 డిగ్రీల వరకు గడ్డకట్టకనే ఉంటుంది. కరిగే మంచుగడ్డకన్న అక్కడి నీరే చల్లన అన్నను అనవచ్చును!

మంచు రెండు చోట్ల దెబ్బతీస్తుంది. మొదటిది మొదటి అంచెలో. అక్కడి స్ప్రింగుచుట్టు నీరు చేరే ఏర్పాటు ఉంటే, ఆ నీరు గడ్డకట్టి, కదలవలసిన భాగమును పట్టి ఉంచుతుంది. వాల్వు పూర్తిగా మూసుకొనదు. గొట్టములో పీడనము హద్దు మీరుతుంది. ఆ ఒత్తిడికి రెండవ అంచె తనంతట తాను తెరచుకొంటుంది. రెండవ దెబ్బ నోటివద్ద. మనము విడిచే ఊపిరిలో తడి ఉన్నది. ఆ తడి చల్లని మీటమీద, వాల్వుమీద గడ్డకట్టి, దానిని తెరచిన స్థితిలోనే నిలిపివేస్తుంది. ఎటు చూచినను ఫలితమొకటే. గాలి పొంగుతుంది. గాలి పొంగినకొలది చలి పెరుగుతుంది. చలి పెరిగినకొలది మంచు పెరుగుతుంది. ఇది తన తోకను తానే మ్రింగే పామువంటిది. వాల్వు కట్టివేయనిదే ఆగదు.

ఇందులో ఒక మేలు లేకపోలేదు. ఈ యంత్రములను చెడినప్పుడు మూసుకొనిపోక తెరచుకొనే విధముగా నిర్మించినారు. పొంగే గాలిలోనుండియే, పెదవులను పూర్తిగా బిగించక, కావలసినంత పీల్చుకొని పైకి రావచ్చును. శిక్షణలో దీనిని నేర్పుతారు. ప్రమాదము గాలి పొంగుటలో కన్న, భయపడి ఊపిరి బిగబట్టి పైకి దూకుటలో ఎక్కువ. 10 మీటర్ల లోతున ఊపిరితిత్తులలో నిండిన గాలి పైకి వచ్చుసరికి రెండింతలగుటకు చూస్తుంది. దానికి దారి లేకపోతే ఊపిరితిత్తులే చినుగుతవి.

ఇప్పుడు ఎన్నిక మాటకు వద్దాము. మా మేనల్లునికి నేను వ్రాసిన ఉత్తరములోని సారాంశమే మీకు చెబుతున్నాను.

మొట్టమొదట చూడవలసినది ధర కాదు, పేరు కాదు, గుర్తు. ఐరోపా దేశములలో ఈ పరికరములకు ఈ.ఎన్. 250 అనే ప్రమాణము ఉన్నది. దాని ప్రకారము 10 డిగ్రీలకు తక్కువైన నీరు చన్నీరు. చన్నీటి పరీక్షలో రెగ్యులేటరును 4 డిగ్రీల నీటిలో, 50 మీటర్ల లోతునకు సమానమైన పీడనములో ఉంచి, నిమిషమునకు 62.5 లీటర్ల చొప్పున యంత్రముచేత ఊపిరి ఆడించి చూస్తారు. ఆ పరీక్షకు నిలువని పరికరముమీద, 10 డిగ్రీలకన్న ఎక్కువ అని తెలిపే గుర్తు చెక్కవలెను. పది అంకె, దానికి ముందు ఒక బాణపు మొనవంటి చిహ్నము. అంతే. మా వాడు కొన్నదానిమీద ఆ గుర్తు ఉండనే ఉన్నది. గొట్టము క్రింద, చిన్న అక్షరములలో. ఆ పరికరము చవుకబారు సరుకు కాదు, చెడిపోయినది కాదు. అమ్మినవారు మోసము చేయలేదు. అండమానులో దానితో ఏండ్ల తరబడి నిశ్చింతగా మునుగవచ్చును. అది పుట్టిన నీరు వేరు, వీడు దించిన నీరు వేరు.

రెండవది, మొదటి అంచె నిర్మాణము. ఇందులో రెండు జాతులున్నవి. పిస్టనుతో పనిచేసేది ఒకటి, డయాఫ్రం అనే రబ్బరు పొరతో పనిచేసేది మరొకటి. మామూలు పిస్టను రకములో నీరు స్ప్రింగువరకు చేరుతుంది. డయాఫ్రం రకములో స్ప్రింగుగదికి మరొక పొరతో మూత వేసి, నీరు లోనికి రాకుండ చేయవచ్చును. ఆ గదిని నూనెతో నింపేవారున్నారు, పొడిగానే ఉంచేవారున్నారు. నీటి పీడనము మాత్రము ఆ పొర ద్వారా లోనికి తెలుస్తుంది. నీరు లేనిచోట మంచు ఎక్కడనుండి వస్తుంది? కనుక చన్నీటికి మూతవేసిన డయాఫ్రం రకము మేలని సామాన్యముగా అంటారు. పిస్టను రకములో కూడ చలికై ప్రత్యేకముగా రక్షణ చేసినవి ఉన్నవి. జాతిని చూచి కాక, రక్షణ ఉన్నదా లేదా అని చూడవలెను.

మూడవది, లోహము. చుట్టునున్న నీరు 4 డిగ్రీలదే అయినను, సున్నకు దిగువనున్న గాలికి అదియే కుంపటి. ఆ వేడిని లోనికి చేర్చుటకు లోహము మంచి వాహకము కావలెను. ఇత్తడి ఆ పని చక్కగా చేస్తుంది. టైటేనియము తేలిక, త్రుప్పు పట్టదు, ధర ఎక్కువ. కాని వేడిని చేరవేయుటలో ఇత్తడికి చాల వెనుక. మా మేనల్లుడు ముచ్చటపడినది టైటేనియముమీద! మన అమ్మమ్మలు ఇత్తడి గిన్నెలు వాడినందుకు కారణమున్నట్లే, చన్నీటి డైవరు ఇత్తడిని కోరుటకును కారణమున్నదని వ్రాసినాను. చన్నీటి రెగ్యులేటర్లకు పైన లోహపు రెక్కలు దీర్చి ఉంటవి. మోటారు సైకిలు ఇంజనుకు ఉండే రెక్కలు వేడిని బయటికి పంపుతవి. ఇవి వేడిని లోనికి తెస్తవి.

నాలుగవది, నోటివద్దనున్న రెండవ అంచె. అది అంతయు ప్లాస్టిక్కు అయితే వేడి చేరే దారి లేదు. గొట్టము కలిసేచోటను, వాల్వు చుట్టును లోహము ఉన్నది మేలు. గాలి విడుదలను బిగువుగా, వదులుగా చేసుకొనే మరలు కొన్నింటికి ఉంటవి. చన్నీటిలో దిగునప్పుడు వానిని బిగువు వైపుననే ఉంచవలెను. ముట్టుకొంటే చాలు పొంగేటంత సున్నితపు యంత్రము వెచ్చని నీటిలో సుఖము, చన్నీటిలో గండము. మందమైన చేతితొడుగులతో పట్టి త్రిప్పుటకు వీలైనంత పెద్ద మరలు ఉండుటయు ముఖ్యమే.

ఐదవది, రెండవ మనిషి. ఆపదలో మిత్రునికి ఇచ్చే అదనపు నోటికొసను ఆక్టోపస్ అంటారు. మా వాడిని కాపాడినది అదే. కాని గమనించండి. ఆ క్షణమున ఆ మిత్రుని మొదటి అంచె ఒక్కటే, భయముతో వగర్చుచున్న ఇద్దరికి గాలినందించింది. గాలి రెండింతలైతే చలికూడ పెరుగుతుంది. అదికూడ గడ్డకట్టి ఉంటే? ఈ సంగతిని ఆలోచించియే, 2014లో సవరించిన ఈ.ఎన్. 250 ప్రమాణములో, ఇద్దరు కలిసి పీల్చుటకు తగినదని పరీక్షించిన పరికరముమీద ఆ అంకె తరువాత ‘ఏ’ అనే అక్షరము చేర్చే పద్ధతి పెట్టినారు. దానిని వెదకి చూడవలెను.

అంతకన్న మేలైనది, రెండు మొదటి అంచెలు, రెండు వాల్వులు. ఒకటి గడ్డకడితే దానిని కట్టివేసి రెండవదానితో బయటపడవచ్చును. అంటార్కిటికాలో మక్‌మర్డో కేంద్రమువద్ద మంచుపలకకు రంధ్రము చేసి దిగే శాస్త్రజ్ఞులు ఇట్లు జంట రెగ్యులేటర్లతోనే దిగుతారు. నెత్తిన మంచు కప్పు ఉన్నచోట, తిన్నగా పైకి వచ్చే దారియే ఉండదు గదా! పూర్వము అక్కడ రెండు గొట్టముల పాత రకమును ఇష్టపడేవారు. అందులో వాల్వు అంతయు వీపుమీదనే ఉండి, విడిచిన ఊపిరిలోని తడి దానిని తాకదు. కొత్తది వచ్చినంత మాత్రాన పాతదానిలోని సుగుణము అబద్ధము కాదు.

ఇన్నియు చూచి కొన్నను, వాడే తెలివి లేకపోతే ప్రయోజనము లేదు. 4 డిగ్రీల పరీక్షలో నెగ్గినదంటే ఎంత చలిలోనైనను, ఎంతసేపైనను నిలుస్తుందని అర్థము కాదు. అనుభవజ్ఞులు చెప్పే నియమములు కొన్ని ఉన్నవి. దిగేవరకు రెగ్యులేటరును వెచ్చగా, పొడిగా ఉంచవలెను. గడ్డకట్టే గాలిలో ఒడ్డున నిలబడి దానితో ఊపిరి ఆడించి చూడరాదు. ఆ ఊపిరి తడియే తరువాత మంచవుతుంది. మొదటి ఊపిరి నీటిలో మునిగిన తరువాతనే. గాలిని పొంగించే బొత్తామును ఊరక నొక్కరాదు. దుస్తులోనికి గాలి నింపుకొనునప్పుడు కొద్ది కొద్దిగా, ఊపిరి లాగని క్షణములో నింపుకొనవలెను. సిలిండరులో నింపే గాలిలో తడి లేకుండ వడగట్టినదా అని విచారించవలెను. ఏటేట మెకానిక్కుచేత విప్పించి బాగు చేయించవలెను. అన్నిటికన్న మించి, ఆయాసము వచ్చునట్లు ఈదరాదు.

ఈ పట్టిక విన్న తరువాత మా వాడు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "మామయ్యా, ఆనాడు ఇవన్నీ నేనే చేసినాను. ఒడ్డున నాలుగుసార్లు పీల్చి చూచినాను. మిత్రునికి వెనుకబడినానని త్వరత్వరగా ఈదినాను. ఈదుతూనే సూటులోనికి గాలి నొక్కినాను" అన్నాడు. గుర్తు చూడకపోవుట ఒక్కటే తప్పయి ఉంటే బహుశా బయటపడేవాడు. తప్పులు ఒకదాని చేయి ఒకటి పట్టుకొని వచ్చినవి.

ఇక మా అక్కయ్యకు జవాబు చెప్పవలసి ఉన్నది. "మానమని చెప్పలేదు" అని తెలియజేసినాను. ఆమె కోపము తెచ్చుకొన్నది. నేనన్నాను: "మానమంటే నీకు చెప్పకుండ దిగుతాడు. చెప్పకుండ దిగేవాడు అడుగకుండ కొంటాడు. అడుగకుండ కొన్నందువల్లనే గదా ఇంత వచ్చింది?" ఆమె ఏమీ అనలేదు. రెండు రోజుల తరువాత తానే ఫోను చేసి, ఆ గుర్తు ఎట్లుంటుందో ఒక కాగితముమీద వ్రాసి పంపమన్నది.

పది అంకె వ్రాసి, దాని ముందు బాణపు మొన గీసి పంపినాను. మొన్న మేనల్లుడు కొత్త రెగ్యులేటరు కొని, దాని ఫొటోలు నాలుగు వైపులనుండి తీసి తల్లికి పంపినాడట. జీవితములో సముద్రమును ఒడ్డునుండి తప్ప చూడని మా అక్కయ్య, కళ్ళజోడు పెట్టుకొని, నా కాగితము ప్రక్కన పెట్టుకొని, ఆ ఫొటోలను పెద్దవి చేసి అంగుళము అంగుళము వెదకింది. గుర్తు కనబడలేదు. ‘ఏ’ అనే అక్షరము మాత్రము కనబడింది. అప్పుడు గాని వానికి ఆమె, "సరే, వెళ్ళిరా నాయనా" అనలేదు.